తక్కువ విద్యుత్తుతో పనిచేసే బూస్ట్ కన్వర్టర్ ఎంపిక: భావనలు, పరిభాష, గణన

వ్యాససంగ్రహం:

ఒకే సెల్‌తో నెలల తరబడి పనిచేయవలసిన చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలలో సెల్ ఇచ్చే తక్కువ వోల్టేజిని పరికరానికి కావలసిన స్థాయికి పెంచే వలయాన్ని బూస్ట్ కన్వర్టర్ అంటారు. దీనిని ఎన్నుకునేటప్పుడు చాలామంది దక్షత శాతాన్నే ప్రమాణంగా తీసుకుంటారు. ఎక్కువ కాలం నిద్రావస్థలో ఉండే పరికరాలలో సెల్ ఆయుష్షును నిర్ణయించేది ఆ శాతం కాదనీ, కన్వర్టర్ తన మనుగడ కోసం తానే వాడుకునే ప్రవాహమనీ ఈ వ్యాసం గణనపూర్వకంగా నిరూపిస్తుంది. ‘సామర్థ్యం’ వంటి పదాల అనేకార్థకత ఈ ఎంపికలో కలిగించే అయోమయాన్ని చర్చించి, తెలుగులో ఈ విషయాన్ని బోధించడానికి అనువైన పదాలను సూచిస్తుంది.

కీలకపదాలు: బూస్ట్ కన్వర్టర్, దక్షత, స్వీయవినియోగ ప్రవాహం, ఆరంభ వోల్టేజి, ప్రేరకం, శాస్త్ర పరిభాష, తెలుగులో సాంకేతిక బోధన.

1. ప్రవేశిక:

కళాశాల స్థాయి ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టులలో ఉష్ణోగ్రత, తేమ, నేలలోని నీటిశాతం వంటివి కొలిచి, ఆ వివరాలను రేడియో ద్వారా పంపే పరికరాలు తరచుగా కనిపిస్తాయి. వీటికి సాధారణంగా 3.3 వోల్టులు అవసరం. బజారులో సులభంగా దొరికే ఏఏ సైజు ఆల్కలైన్ సెల్ కొత్తగా ఉన్నప్పుడు 1.5 నుంచి 1.6 వోల్టులు ఇస్తుంది. వాడుతున్నకొద్దీ తగ్గి, దాదాపు 0.9 వోల్టుల వద్ద దాని ఉపయోగం ముగుస్తుంది. ఈ అంతరాన్ని పూరించేదే బూస్ట్ కన్వర్టర్.

ఇటువంటి కన్వర్టర్ల చిప్‌లు అనేకం ఉన్నాయి. ప్రతి డేటాషీటు మొదటి పుటలోనూ తొంభై శాతానికి మించిన దక్షత ప్రముఖంగా కనిపిస్తుంది. దానిని చూసి ఎన్నుకున్న చిప్‌తో తయారైన పరికరం సంవత్సరాలు నడవవలసి ఉండగా కొన్ని వారాలకే ఆగిపోవచ్చు. ఆ డేటాషీటులో అసత్యమేమీ లేదు. చదివినవారు తమ పరికరానికి వర్తించని అంకెను చదివారు. ఏ అంకె ఏ సందర్భానికి వర్తిస్తుందో వివేచించడమే ఎంపికలోని కీలకం. ఆ వివేచనకు పదాల అర్థం స్పష్టంగా ఉండటం తొలి మెట్టు. కనుక ఈ వ్యాసం పరిభాషతో మొదలై, పనితీరు మీదుగా గణనకు చేరుతుంది.

2. పరిభాష - ఒకే మాట, మూడు అర్థాలు:

తెలుగు మాధ్యమ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో ‘పని, శక్తి, సామర్థ్యం’ అనేది సుపరిచితమైన పాఠ్యాంశం. అక్కడ సామర్థ్యమంటే ఒక సెకనులో జరిగే పని. దాని ప్రమాణం వాట్. పత్రికల భాషలో ‘బ్యాటరీ సామర్థ్యం’ అంటే అది నిలువ చేసుకోగల విద్యుదావేశ పరిమాణం. దానిని మిల్లీ ఆంపియర్-గంటలలో చెబుతారు. నిత్యవ్యవహారంలో ‘సామర్థ్యం గల యంత్రం’ అంటే వృథా లేకుండా పనిచేసేది. పాఠ్యపుస్తకాలు ఈ మూడవ అర్థానికి ‘దక్షత’ అనే పదాన్ని కేటాయించాయి.

కనుక ‘అల్ప సామర్థ్య కన్వర్టర్’ అని రాస్తే, తక్కువ వాట్లతో పనిచేసేదని భౌతికశాస్త్ర విద్యార్థి గ్రహిస్తాడు. ఇతరులు చేతకానిదని అర్థం చేసుకోవచ్చు. ఈ కారణంగా ఈ వ్యాసంలో వాట్లలో కొలిచేదానికి మాత్రమే ‘సామర్థ్యం’ అనీ, ఉత్పాదన సామర్థ్యానికీ నివేశ సామర్థ్యానికీ గల నిష్పత్తికి ‘దక్షత’ అనీ, సెల్ నిలువకు ‘ధారణ’ అనీ వ్యవహరించడం జరిగింది. నివేశమంటే సెల్ వైపు నుంచి కన్వర్టర్‌లోకి వచ్చేది; ఉత్పాదనమంటే కన్వర్టర్ నుంచి పరికరానికి వెళ్లేది.

‘కన్వర్టర్’ అనే పదాన్ని అలాగే ఉంచడానికి కూడా కారణముంది. దీనికి ‘పరివర్తకం’ అనే పదం సహజంగా స్ఫురిస్తుంది. అయితే ఆ పదం ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇప్పటికే వాడుకలో ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ఏకాంతర విద్యుత్తుతో మాత్రమే పనిచేస్తుంది. బూస్ట్ కన్వర్టర్ ఏకముఖ విద్యుత్తును తీసుకుని ఏకముఖ విద్యుత్తునే ఇస్తుంది. ఈ రెండింటికీ ఒకే పేరు పెడితే మౌలికమైన భేదమే మరుగున పడుతుంది. భావాన్ని విశదం చేసే తెలుగు పదం దొరికినచోట దానిని స్వీకరించడం, అపోహకు తావిచ్చేచోట వాడుకలోని అన్యదేశ్యాన్నే ఉంచడం ఇక్కడ పాటించిన నియమం.

3. బూస్ట్ కన్వర్టర్ పనిచేసే తీరు:

3.1 శక్తి పెరగదు:

బూస్ట్ కన్వర్టర్ వోల్టేజిని పెంచుతుంది కాని శక్తిని సృష్టించదు. ఏతంతో నీటిని పైకి తోడినప్పుడు నీటికి ఎత్తు లభిస్తుంది. ఆ ఎత్తుకు తగిన శ్రమను తొక్కేవాడు చెల్లిస్తాడు. ఇక్కడ ఆ మూల్యాన్ని సెల్ అధిక ప్రవాహం రూపంలో చెల్లిస్తుంది. నివేశ ప్రవాహాన్ని ఈ సూత్రంతో లెక్కించవచ్చు:

నివేశ ప్రవాహం = (ఉత్పాదన వోల్టేజి × ఉత్పాదన ప్రవాహం) ÷ (నివేశ వోల్టేజి × దక్షత)

3.3 వోల్టుల వద్ద 100 మిల్లీ ఆంపియర్లు కావాలనుకుందాం. సెల్ 0.9 వోల్టులకు దిగి, దక్షత 80 శాతం ఉన్నప్పుడు, సెల్ నుంచి దాదాపు 458 మిల్లీ ఆంపియర్లు తీసుకోవాలి. సెల్ నీరసించేకొద్దీ దానిపై భారం పెరుగుతుందనే విషయం ఈ సూత్రంలోనే ఇమిడి ఉంది.

3.2 వోల్టేజి పెరిగే విధానం:

వోల్టేజి ఎలా పెరుగుతుందో చెప్పడానికి ఏతం చాలదు. దానికి హైడ్రాలిక్ రామ్ అనే నీటియంత్రం చక్కని పోలిక. వేడిగాలి బుడగ నిర్మాతలలో ఒకరైన ఫ్రాన్స్ దేశీయుడు జోసెఫ్ మోంగోల్ఫియే 1796లో తనంతట తాను పనిచేసే ఈ యంత్రాన్ని రూపొందించాడు. ఇందులో పొడవైన గొట్టం గుండా నీరు కిందికి పారుతూ ఒక కవాటం నుంచి బయటికి పోతుంటుంది. నీరు వేగం పుంజుకున్నాక ఆ కవాటం హఠాత్తుగా మూసుకుంటుంది. జడత్వం వల్ల వెంటనే ఆగలేని నీరు తీవ్రమైన పీడనాన్ని కలిగించి, మరొక ఏకదిశా కవాటాన్ని తోసుకుని ఎత్తైన తొట్టిలోకి ఎగబాకుతుంది. పారిన నీటిలో కొంతభాగమే పైకి చేరుతుంది. కాని అది బయలుదేరిన మట్టం కన్నా ఎత్తుకు చేరుతుంది.

బూస్ట్ కన్వర్టర్‌లో గొట్టంలోని నీటి జడత్వం స్థానంలో ప్రేరకమనే తీగచుట్ట ఉంటుంది. మొదటి కవాటం స్థానంలో ట్రాన్సిస్టర్ స్విచ్, ఏకదిశా కవాటం స్థానంలో డయోడు, తొట్టి స్థానంలో కెపాసిటర్ ఉంటాయి. స్విచ్ మూసి ఉన్నప్పుడు తీగచుట్టలో ప్రవాహం పెరుగుతూ అయస్కాంత క్షేత్రంలో శక్తి నిలువవుతుంది. స్విచ్ తెరుచుకోగానే, లెంజ్ నియమం ప్రకారం, తీగచుట్ట తనలోని ప్రవాహం తగ్గడాన్ని ప్రతిఘటిస్తుంది. అలా ఏర్పడే ప్రేరిత వోల్టేజి సెల్ వోల్టేజితో కలిసి డయోడు ద్వారా కెపాసిటర్‌ను నింపుతుంది. ఈ చర్య సెకనుకు లక్షలసార్లు జరుగుతుంది.

ఆదర్శ పరిస్థితిలో, ప్రవాహం ఆగకుండా సాగుతున్నప్పుడు, స్విచ్ మూసి ఉండే కాలం ఒక ఆవర్తనంలో ఎంత భాగమో అదే ఉత్పాదన వోల్టేజిని నిర్ణయిస్తుంది. ఒకటి నుంచి ఆ భాగాన్ని తీసివేసి, వచ్చినదానితో నివేశ వోల్టేజిని భాగిస్తే ఉత్పాదన వోల్టేజి లభిస్తుంది. 1.2 వోల్టులను 3.3 వోల్టులు చేయడానికి స్విచ్ దాదాపు 64 శాతం కాలం మూసి ఉండాలి; 0.9 వోల్టుల నుంచి అయితే 73 శాతం. ఆధునిక చిప్‌లలో చాలావరకు డయోడుకు బదులు మరొక ట్రాన్సిస్టర్‌ను వాడి, డయోడులో పోయే వోల్టేజిని ఆదా చేస్తారు.

4. ఎంపికలో మొదటి ప్రశ్న - కన్వర్టర్ అవసరమేనా?

ఏ చిప్ మంచిదనే ప్రశ్నకు ముందు అసలు చిప్ అవసరమా అనే ప్రశ్న వేసుకోవాలి. ప్రాజెక్టులలో విరివిగా వాడే ఏటీమెగా 328పి మైక్రోకంట్రోలర్ తక్కువ గడియార వేగంతో 1.8 వోల్టుల వరకు పనిచేస్తుంది. ఎన్‌ఆర్‌ఎఫ్ 24ఎల్01+ రేడియో చిప్ 1.9 నుంచి 3.6 వోల్టుల మధ్య పనిచేస్తుంది. రెండు ఏఏ సెల్‌లను శ్రేణిలో కలిపితే 3.2 వోల్టుల నుంచి క్రమంగా 1.9 వోల్టుల వరకు వీటిని నేరుగా నడపవచ్చు. మధ్యలో వృథా లేదు, అదనపు భాగాలు లేవు.

కన్వర్టర్ అనివార్యమయ్యే సందర్భాలు ముఖ్యంగా మూడు: పరికరం పరిమాణం దృష్ట్యా ఒక్క సెల్‌కే చోటున్నప్పుడు, స్థిరమైన 3.3 లేదా 5 వోల్టులు కోరే సెన్సర్ ఉన్నప్పుడు. సెల్‌లోని చివరి శక్తినంతా వినియోగించుకోవలసి వచ్చినప్పుడు. ఈ మూడింటిలో ఏదీ వర్తించకపోతే కన్వర్టర్ లేని రూపకల్పనే ఉత్తమం.

5. డేటాషీటులో పరిశీలించవలసిన అంశాలు:

5.1 ఆరంభ వోల్టేజి, నిర్వహణ వోల్టేజి:

మైక్రోచిప్ సంస్థ ఎంసీపీ 1640 చిప్ డేటాషీటులో రెండు కనిష్ఠ వోల్టేజిలు కనిపిస్తాయి. 3.3 వోల్టుల ఉత్పాదన, 1 మిల్లీ ఆంపియర్ భారంతో ఆరంభం కావడానికి సాధారణంగా 0.65 వోల్టులు చాలు; ఒకసారి ఆరంభమయ్యాక 0.35 వోల్టుల వరకు నడుస్తుంది. ఈ భేదానికి కారణం సులభంగానే బోధపడుతుంది. మొదట చిప్‌కు సెల్ వోల్టేజి ఒక్కటే ఆధారం. ఉత్పాదన 3.3 వోల్టులకు చేరాక చిప్ తన ఉత్పాదన నుంచే తనకు కావలసిన విద్యుత్తును తీసుకుంటుంది.

రెండింటినీ ‘కనిష్ఠ వోల్టేజి’ అని ఒకే పేరుతో అనువదిస్తే విద్యార్థి 0.35నే పరిగణించే ప్రమాదముంది. నీరసించిన సెల్‌తో నడుస్తున్న పరికరం ఒక్కసారి ఆగితే, దానిని తిరిగి లేపడానికి నిర్వహణ వోల్టేజి చాలదు. ఆరంభ వోల్టేజి ఉండాలి. పైగా ఈ విలువలు స్వల్ప భారానికి చెప్పినవి. భారం ఎక్కువగా ఉంటే ఆరంభానికి కావలసిన వోల్టేజి కూడా పెరుగుతుంది.

5.2 స్విచ్ ప్రవాహ పరిమితి:

అదే డేటాషీటులో 800 మిల్లీ ఆంపియర్లు అనే అంకె ఉంటుంది. పరికరానికి అంత ప్రవాహం లభిస్తుందని భావించడం పొరపాటు. అది స్విచ్ గుండా, అంటే నివేశం వైపు, తీగచుట్టలో ప్రవహించగల శిఖర విలువ. 0.9 వోల్టుల వద్ద 0.8 ఆంపియర్లంటే 0.72 వాట్లు. దక్షత 80 శాతమైతే 3.3 వోల్టుల వద్ద దక్కేది 175 మిల్లీ ఆంపియర్లకు మించదు. తీగచుట్టలో ప్రవాహపు హెచ్చుతగ్గులను లెక్కలోకి తీసుకుంటే అంత కూడా రాదు. 1.2 వోల్టుల నివేశానికి తయారీదారు హామీ ఇచ్చేది 100 మిల్లీ ఆంపియర్లకు పైగా అని మాత్రమే.

5.3 స్వీయవినియోగ ప్రవాహం:

భారానికి ఏమీ ఇవ్వకుండా, సిద్ధంగా మాత్రమే ఉన్న స్థితిలో చిప్ తన అంతర్గత వలయాల కోసం వాడుకునే ప్రవాహం ఇది. ఆంగ్లంలో దీనికి ‘క్వీసెంట్ కరెంట్’ అని పేరు. దీనిని ‘నిశ్చల ప్రవాహం’ అని అనువదిస్తే ప్రవాహమే నిశ్చలంగా ఉన్నదనే విరుద్ధార్థం స్ఫురిస్తుంది. ఆ మాటలోని నిశ్చలత చిప్ స్థితికి సంబంధించినది. ప్రవాహానికి చెందినది కాదు. ‘స్వీయవినియోగ ప్రవాహం’ అన్నప్పుడు ఎవరు వాడుకుంటున్నారో, దేనికోసమో పేరులోనే తెలుస్తుంది.

చిప్‌ను పూర్తిగా ఆపివేసినప్పుడు కారే ప్రవాహం దీనికి భిన్నమైనది. దానిని ‘విరమణ ప్రవాహం’ అనవచ్చు. ఒక్క సెల్‌తో నడిచే పరికరంలో కన్వర్టర్‌ను ఆపితే మైక్రోకంట్రోలర్‌కు 1.5 వోల్టులే మిగులుతాయి. అది స్పృహ కోల్పోతుంది. కనుక అటువంటి పరికరంలో కన్వర్టర్ అహోరాత్రాలు మేల్కొనే ఉండాలి. అక్కడ వర్తించేది స్వీయవినియోగ ప్రవాహమే.

మరొక సూక్ష్మాంశం ఉంది. ఈ ప్రవాహంలో అధికభాగాన్ని చిప్ ఉత్పాదన వైపు నుంచి తీసుకుంటే, సెల్ మీద పడే భారం వోల్టేజిల నిష్పత్తిని బట్టి పెరుగుతుంది. 3.3 వోల్టుల వద్ద 19 మైక్రో ఆంపియర్లు వాడితే, 1.2 వోల్టుల సెల్ నుంచి కనీసం 52 మైక్రో ఆంపియర్లు పోతాయి. డేటాషీటులోని అంకెను యథాతథంగా సెల్ ధారణతో పోల్చకూడదు.

5.4 పేరు చివరి అక్షరం:

భారం తక్కువగా ఉన్నప్పుడు కొన్ని చిప్‌లు స్విచ్‌ను నిరంతరం ఆడించకుండా, అవసరమైనప్పుడు మాత్రమే కొన్ని స్పందనలు ఇచ్చి విశ్రమిస్తాయి. దీనివల్ల విద్యుత్తు ఆదా అవుతుంది. ఉత్పాదన వోల్టేజిలో చిన్న అలలు మాత్రం పెరుగుతాయి. సూక్ష్మమైన కొలతలు చేసే వలయాలకు ఆ అలలు ఇబ్బంది కలిగించవచ్చు. అందుకే ఎంసీపీ 1640 కుటుంబంలో, స్వల్ప భారంలోనూ నిరంతరం ఒకే పౌనఃపున్యంతో ఆడే ‘బి’ రకం కూడా ఉంది. అలలు తక్కువగా ఉండవలసినచోట అది సరైనది. నిద్రపోయే పరికరానికి అది తగదు. పేరు చివరి ఒక్క అక్షరాన్ని గమనించకుండా కొంటే మిగతా గణన అంతా వ్యర్థమవుతుంది.

విరమణ స్థితిలో ఉత్పాదన ఏమవుతుందన్నది కూడా ఈ అక్షరాల మీదే ఆధారపడుతుంది. డయోడు వాడే సంప్రదాయ బూస్ట్ వలయంలో చిప్ ఆగినా, సెల్ నుంచి తీగచుట్ట, డయోడుల గుండా ఉత్పాదనకు దారి తెరిచే ఉంటుంది. ఎంసీపీ 1640 మూలరకం ఆ దారిని పూర్తిగా తెంచుతుంది. ‘సి’ రకం సెల్ వోల్టేజిని నేరుగా ఉత్పాదనకు అందిస్తుంది. రెండు సెల్‌లు వాడి, నిద్రలో నేరుగా, మెలకువలో కన్వర్టర్ ద్వారా నడపదలచినవారికి ‘సి’ రకం ఉపయోగపడుతుంది.

6. ఉదాహరణ గణన:

ఒక ఉష్ణోగ్రతమాపక పరికరం 3.3 వోల్టులతో పనిచేస్తుందనీ, నిద్రలో 5 మైక్రో ఆంపియర్లు వాడుతుందనీ, ప్రతి 10 నిమిషాలకు 0.1 సెకను మేల్కొని 15 మిల్లీ ఆంపియర్లు వాడుతుందనీ అనుకుందాం. 600 సెకన్లకు సగటు చూస్తే మెలకువ భాగం 2.5 మైక్రో ఆంపియర్లు. నిద్రతో కలిపి 7.5. సామర్థ్యంలో చెప్పాలంటే దాదాపు 25 మైక్రో వాట్లు. దక్షత 80 శాతం, సెల్ సగటు వోల్టేజి 1.2, ధారణ 2000 మిల్లీ ఆంపియర్-గంటలు అనుకుంటే, పరికరం నిమిత్తం సెల్ ఇవ్వవలసింది 26 మైక్రో ఆంపియర్లు. దీనికి చిప్ సొంత ఖర్చును కలపాలి. వివరణ సౌలభ్యం కోసం ఆ ఖర్చును దక్షత నుంచి విడదీసి చూపడం జరిగింది.

అ) ఎంసీపీ 1640 - స్వీయవినియోగం 19 మైక్రో ఆంపియర్లు. సెల్ మీద 52. మొత్తం 78. ఆయుష్షు దాదాపు 2.9 సంవత్సరాలు.

ఆ) టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ టీపీఎస్ 61221 - స్వీయవినియోగం 5.5. అంతా ఉత్పాదన వైపుదే అనుకుంటే సెల్ మీద 15. మొత్తం 41. ఆయుష్షు దాదాపు 5.6 సంవత్సరాలు.

ఇ) అదే సంస్థ టీపీఎస్ 61099 - ఉత్పాదన వైపు 0.6, నివేశం వైపు 0.4. సెల్ మీద దాదాపు 2. మొత్తం 28. ఆయుష్షు దాదాపు 8.2 సంవత్సరాలు.

ఈ) భారం లేకున్నా సెల్ నుంచి 1 మిల్లీ ఆంపియర్ తీసుకునే కన్వర్టర్ ఏదైనా - మొత్తం 1026. ఆయుష్షు దాదాపు 81 రోజులు.

ఇవి సరళీకరించిన లెక్కలు. సంవత్సరాలు గడిచేకొద్దీ సెల్ తనంతట తాను క్షీణించడం, లోపలి రసాయనం కారడం వంటివి నిజజీవితంలో ఆయుష్షును తగ్గిస్తాయి. కనుక చివరి రెండు చిప్‌ల మధ్య తేడా కాగితం మీద కనిపించినంత పెద్దది కాదు. నాలుగవ వరుసకూ మొదటి మూడింటికీ మధ్య అంతరం మాత్రం నిస్సందేహంగా నిజమైనది.

ఇప్పుడు దక్షత విషయం పరిశీలించవచ్చు. మొదటి చిప్‌లోనే దక్షతను 80 నుంచి 90 శాతానికి పెంచగలిగితే, పరికరం నిమిత్తం సెల్ ఇచ్చేది 26 నుంచి 23కు తగ్గుతుంది. ఆదా 3 మైక్రో ఆంపియర్లు. దక్షతను అలాగే ఉంచి, మొదటి చిప్‌కు బదులు రెండవ దానిని వాడితే ఆదా 37 మైక్రో ఆంపియర్లు. మొదటి పుటలోని శాతం పది, వంద మిల్లీ ఆంపియర్ల భారానికి చెప్పినది. ఈ పరికరం తన జీవితకాలంలో ఆరువేల వంతులలో ఒక వంతు మాత్రమే అటువంటి భారాన్ని చూస్తుంది. మిగిలిన కాలానికి ఆ శాతం సాక్ష్యం చెప్పదు.

ఇందుకు విరుద్ధమైన సందర్భమూ ఉంది. రాత్రంతా నిరంతరాయంగా వెలిగే చిన్న తెల్ల ఎల్‌ఈడీ దీపానికి కన్వర్టర్ కావాలంటే, పదుల మిల్లీ ఆంపియర్ల భారం ముందు 19 మైక్రో ఆంపియర్లు లెక్కలోకి రావు. అక్కడ దక్షత శాతమే ప్రమాణం. పరికరం దినచర్యను బట్టి ప్రమాణం మారుతుంది.

7. చిప్ వెలుపలి వ్యయాలు:

చిప్‌ను సరిగ్గా ఎన్నుకున్నా చుట్టూ ఉన్న భాగాలు ఆ ఫలితాన్ని హరించవచ్చు. బజారులో దొరికే సిద్ధ మాడ్యూళ్లలో కొన్నింటిమీద విద్యుత్తు ఉన్నదని తెలిపే చిన్న ఎర్ర దీపం ఉంటుంది. అది 3.3 వోల్టుల వద్ద 1 మిల్లీ ఆంపియర్ తీసుకుంటే సెల్ నుంచి దాదాపు 3.4 మిల్లీ ఆంపియర్లు పోతాయి. పై సెల్ 24 రోజులలోనే ఖాళీ అవుతుంది. ఆ దీపాన్ని తొలగించడమే మొదటి పొదుపు.

ఉత్పాదన వోల్టేజిని నిర్ణయించే రెండు నిరోధాలు రెండవ వ్యయం. వాటి మొత్తం 330 కిలో ఓమ్‌లైతే 3.3 వోల్టుల వద్ద వాటిగుండా నిరంతరం 10 మైక్రో ఆంపియర్లు పోతాయి. ఇది మొత్తం పరికరం సగటు వాడకమైన 7.5 కన్నా ఎక్కువ. మెగా ఓమ్‌ల స్థాయి నిరోధాలను గాని, స్థిర వోల్టేజి గల చిప్‌ను గాని ఎంచుకుంటే ఈ వ్యయం తగ్గుతుంది.

తీగచుట్ట విషయంలో దాని ప్రేరకత్వంతో పాటు ‘సంతృప్త ప్రవాహం’ చూడాలి. వ్యవహారంలో సంతృప్తి అంటే తృప్తి చెందడం. ఇక్కడ అయస్కాంత కోర్ ఇక నింపుకోలేని స్థితికి చేరడం. ఆ స్థితిలో ప్రేరకత్వం పడిపోయి ప్రవాహం ఒక్కసారిగా ఎగబాకుతుంది. కనుక తీగచుట్ట సంతృప్త ప్రవాహం చిప్ శిఖర పరిమితి కన్నా ఎక్కువగా ఉండాలి. సిరామిక్ కెపాసిటర్లు వోల్టేజి కింద తమ విలువలో కొంత కోల్పోతాయి. అందుచేత అవసరమైన దానికన్నా పెద్ద విలువనూ, ఎక్స్7ఆర్ లేదా ఎక్స్5ఆర్ రకాన్నీ ఎంచుకోవడం శ్రేయస్కరం.

8. సెల్ అంతర్నిరోధం - ఒక విషవలయం:

గుండ్రని సీఆర్2032 బొత్తాం సెల్ 3 వోల్టులు ఇస్తుంది కనుక, కన్వర్టర్‌తో దాని నుంచి 5 వోల్టులు తీయవచ్చని తోస్తుంది. 5 వోల్టుల వద్ద 20 మిల్లీ ఆంపియర్లంటే 100 మిల్లీ వాట్లు. దక్షత 85 శాతమైతే సెల్ 118 మిల్లీ వాట్లు ఇవ్వాలి. సెల్ వోల్టేజి 2.8కి తగ్గి, అంతర్నిరోధం 20 ఓమ్‌లు ఉన్నదనుకుంటే, గరిష్ఠ సామర్థ్య బదిలీ సిద్ధాంతం ప్రకారం ఆ సెల్ ఇవ్వగలిగినది 98 మిల్లీ వాట్లే.

అప్పుడు జరిగేది విషవలయం. కన్వర్టర్ ప్రవాహాన్ని కోరగానే సెల్ వోల్టేజి పడుతుంది. పడిన వోల్టేజిని భర్తీ చేయడానికి కన్వర్టర్ మరింత ప్రవాహాన్ని కోరుతుంది. సెల్ ఇంకా కుంగుతుంది. చివరకు కన్వర్టర్ ఆగిపోయి, సెల్ తేరుకోగానే మళ్లీ ఆరంభమై, మళ్లీ ఆగుతుంది. కొత్త చిప్ తెచ్చినా ఈ దోషం పోదు. మూలం సెల్‌లో ఉంది. భారం క్షణికమైనదైతే పెద్ద కెపాసిటర్‌ను తీరికగా నింపి, ఆ నిలువ నుంచి వాడుకోవడం ఒక మార్గం. లేకుంటే ఏఏ వంటి తక్కువ అంతర్నిరోధం గల సెల్‌కు మారాలి.

9. ముగింపు:

• బూస్ట్ కన్వర్టర్ ఎంపిక పరికరం దినచర్యతో మొదలుకావాలి. ఎంతసేపు నిద్ర, ఎంతసేపు మెలకువ, ఏ స్థితిలో ఎంత ప్రవాహమనేది తెలియకుండా డేటాషీటు తెరవడం వల్ల ప్రయోజనం లేదు.

• ఎక్కువ కాలం నిద్రించే పరికరానికి స్వీయవినియోగ ప్రవాహం, నిరంతరం పనిచేసే పరికరానికి దక్షత శాతం ప్రధాన ప్రమాణాలు.

• ఆరంభ వోల్టేజినీ నిర్వహణ వోల్టేజినీ, స్విచ్ పరిమితినీ ఉత్పాదన ప్రవాహాన్నీ, స్వీయవినియోగాన్నీ విరమణ ప్రవాహాన్నీ వేరువేరుగా గుర్తించాలి. ఈ మూడు జంటలకు వేరువేరు పేర్లు ఉండటం బోధనలో అత్యవసరం.

• సూచిక దీపం, నిరోధాల జంట, సెల్ అంతర్నిరోధం వంటి చిప్ వెలుపలి అంశాలను విస్మరిస్తే సరైన చిప్ కూడా ఫలితం ఇవ్వదు.

• కన్వర్టర్ లేకుండానే పని జరిగేచోట దానిని మానుకోవడమే ఉత్తమమైన ఎంపిక.

శాస్త్రవిషయాలను తెలుగులో చెప్పడానికి పదాలు చాలవన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఈ ఉదాహరణలో ఎదురైన చిక్కు అది కాదు. ‘సామర్థ్యం’ విషయంలో ఒకే పదం మూడు భావాలను మోస్తోంది. ‘కనిష్ఠ వోల్టేజి’ విషయంలో రెండు భావాలు ఒకే పేరు కింద ఒదిగిపోయాయి. పదాలను కొత్తగా సృష్టించడం కన్నా ఉన్న పదాలకు సరిహద్దులు ఏర్పరచడం ఇక్కడ ఎక్కువ అవసరం. ఆ పనిలో భాషాధ్యాపకులూ శాస్త్రాధ్యాపకులూ కలిసి కృషి చేస్తే, విద్యార్థి డేటాషీటులోని అంకెను తన పరికరానికి అన్వయించి చదవగలుగుతాడు.